లోహపు కొలుముల పొరుగు నేలలు: లేశలోహ కాలుష్యము

విషయ పరిధి

ముడి ఖనిజమును మిక్కుటమైన వేడిమిచే కరగించి, అందలి లోహమును మలినముల నుండి వేరుచేయు ప్రక్రియకు ప్రగలనమని పేరు. ఈ ప్రక్రియ జరుగు కర్మాగారముల చుట్టునుగల నేలలలో సీసము, జింకు, రాగి, నికెలు, కాడ్మియము, ఆర్సెనికు మొదలగు మూలకములు పొగతోను, ధూళితోను, వ్యర్థజలముతోను వచ్చి చేరి, స్వాభావిక పరిమాణమును అనేక రెట్లు మించి, పైరులకును, పశువులకును, మానవులకును హాని కలిగింపగల స్థితికి వచ్చుటయే ఈ వ్యాసమునకు విషయము.

ఈ మూలకములు ఏ నేలకును క్రొత్తవి కావు. మామూలు నేలలో కిలోగ్రాము మట్టికి సీసము సుమారు 10 మొదలు 30 మిల్లీగ్రాముల వరకును, రాగి 20 మొదలు 30 వరకును, జింకు 50 మొదలు 100 వరకును, కాడ్మియము ఒక మిల్లీగ్రామునకు లోబడియు నుండుట సామాన్యము. రాగి, జింకు మితముగ నున్నపుడు మొక్కలకును జంతువులకును అవసరమైన పోషకములే. సీస, కాడ్మియముల వలన మానవదేహమునకు కలుగు ఉపకార మేదియు లేదు. కొలుముల పొరుగున ఈ పరిమాణములు పదుల రెట్లు, ఒక్కొక్కచో వందల రెట్లు పెరుగుచున్నవి.

వాయు కాలుష్యమునకును భూమి కాలుష్యమునకును గల మౌలిక భేదమును ఆరంభముననే గుర్తింపవలెను. పొగ, కొలిమి చల్లారిన కొద్ది దినములలో చెదరిపోవును. నది, మురుగు రాక ఆగినచో వరదలతో క్రమముగ తేటపడును. కాని నేలలో చేరిన లోహము సూక్ష్మజీవులచే విచ్ఛిన్నము కాదు, కాలముచే క్షయింపదు. కర్మాగారము మూతపడి, కార్మికులు వలసపోయి, యజమానులు మారిపోయిన పిమ్మట కూడ అది అచ్చటనే యుండును.

చరిత్ర

జోర్డాను దేశమున వాదీ ఫైనాను లోయలో కంచుయుగము మొదలు రోమను కాలము వరకు రాగి కరగించిన స్థలములందలి మట్టిలో నేటికిని రాగి, సీసములు హెచ్చుగ కానవచ్చుచున్నవి. రోమను సామ్రాజ్య కాలపు సీస ధూళి వేల మైళ్ల దూరమునగల గ్రీన్లాండు మంచుపొరలలో సైతము గుర్తింపబడినది. మన దేశమున ఉదయపూరు సమీపముననున్న జావరు వద్ద, వంకాయ ఆకృతిగల మట్టి మూసలలో జింకును ఆవిరిగ మార్చి, క్రిందికి దింపి చల్లార్చు విద్య మధ్యయుగములలోనే పారిశ్రామిక స్థాయిని అందుకొన్నది. వాడి పారవేసిన మూసల గుట్టలు ఇప్పటికిని అచ్చట నిలిచియున్నవి.

ప్రాచీనుల కొలుములు చిన్నవి, చెదురుమదురుగ నున్నవి. బొగ్గు, ఆవిరియంత్రము, రైలుమార్గము ఒకచోట కూడిన పిమ్మటనే ఒక లోయయంతయు బీడుపడునంతటి ప్రగలనము సాధ్యమైనది. వేల్సు దేశమున స్వాన్సీ దిగువ లోయలో 1717లో మొదలైన రాగి పరిశ్రమ పందొమ్మిదవ శతాబ్దిలో ప్రపంచ రాగి వర్తకమునకు కేంద్రమై, చివరకు ఆ లోయను చెట్టుచేమ మొలవని లోహమలపు దిబ్బలుగ మిగిల్చినది. దానిని బాగుచేయుటకై 1961లో ఆరంభమైన అధ్యయన ప్రణాళిక ఇట్టి ప్రయత్నములకు మార్గదర్శకమైనది. జపానులో అషియో రాగి గనుల విషజలము వాతారసే నదీతీరపు వరిపొలములను పాడుచేయగా, ప్రజాప్రతినిధియైన తనాకా షోజో ఏండ్ల తరబడి శాసనసభలో పోరాడి, ఫలితము కానక 1901లో చక్రవర్తికే స్వయముగ వినతిపత్రము అందింప సాహసించెను. అచ్చటి కొలుముల పొగకు తాళజాలక మత్సుకి గ్రామము ఆ మరుసటి ఏడే నిర్జనమైనది. కెనడాలోని ట్రెయిలు పట్టణపు సీసము, జింకు కొలుముల పొగ సరిహద్దు దాటి అమెరికా రైతుల పంటలను నష్టపరచినందున ఉభయదేశముల నడుమ నడచిన మధ్యవర్తిత్వము, 1941లో తుది తీర్పు వెలువడుటతో, అంతర్జాతీయ పర్యావరణ న్యాయమునకు పునాదిరాయి యైనది. ఈ ఉదంతములన్నింటను ముందుగ మొరపెట్టినవారు రైతులే. కారణమును నిరూపించు భారము కూడ వారిమీదనే పడినది.

కొలిమి నుండి నేలకు

సీసము, జింకు, రాగి అధిక భాగమును, నికెలు కొంత భాగమును గంధకముతో కూడిన ఖనిజములుగ లభించుచున్నవి. గలీనాలో సీసము, స్ఫాలరైటులో జింకు, చాల్కోపైరైటులో రాగి, పెంట్లండైటులో నికెలు గంధకముతో బంధింపబడి యుండును. వీనిని మొదట గాలిలో కాల్చి గంధకమును పారద్రోలుదురు. దీనినే భర్జన మందురు. అప్పుడు వెలువడు సల్ఫరు డయాక్సైడు వాయువును పట్టి గంధకికామ్లముగ మార్చనిచో, అది వానతో కూడి ఆమ్లమై నేలపై కురియును.

ఒక లోహమునకై త్రవ్విన ఖనిజములో ఇతర లోహములును కలిసియుండుట ఈ కాలుష్యమునకు ముఖ్యహేతువు. జింకు ఖనిజములో కాడ్మియమును, రాగి, సీసపు ఖనిజములలో ఆర్సెనికును తోడుగ వచ్చును. కాడ్మియము 767 డిగ్రీల సెల్సియసు వద్దను, జింకు 907 డిగ్రీల వద్దను మరిగి ఆవిరియగును. ఆర్సెనికు ఆక్సైడు అంతకంటె చాల తక్కువ వేడిమికే వాయురూపము దాల్చును. కొలిమి వేడిమిలో పైకెగసిన ఈ ఆవిరులు చల్లబడుకొలది అతిసూక్ష్మమైన రేణువులుగ ఘనీభవించి, పొగగొట్టము గుండ బయటికి పోయి, గాలివాలున రాలును.

కర్మాగారమునకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపల లోహ పరిమాణము అత్యధికముగ నుండి, దూరము పెరుగుకొలది శీఘ్రముగ తగ్గును. ఏడాదిలో ఎక్కువకాలము గాలి వీచు దిక్కున ఈ ప్రభావము చాల దూరము సాగును. పొగగొట్టము ఎత్తు పెంచినచో సమీపగ్రామములకు ఊరట కలుగును గాని, లోహము మాయము కాదు, మరింత విశాలమైన నేలపై పలుచగ పరచుకొనును. అదియునుగాక నేలకు చేరు లోహమంతయు పొగగొట్టము నుండియే రాదు. కప్పులేని ఖనిజపు కుప్పలు, లారీలనుండి రాలు పొడి, కొలిమి తలుపుల సందులనుండి వెలువడు పొగ, లోహమలపు గుట్టలపై వీచు గాలి, చెరువులుగ నిలువజేసిన మురుగు, ఇవన్నియు పొరుగు నేలకు వాటా నిచ్చునవియే. బెల్జియము, నెదర్లాండ్సుల సరిహద్దు ప్రాంతమున జింకు కొలుముల బూడిదను చౌకగ లభించినదని రహదారులకును, పెరటి బాటలకును పరచుటచే, పొగ చేరని చోట్లకు కూడ లోహము చేరినది.

సడ్‌బరీ ఉదాహరణము

కెనడాలోని ఓంటారియో రాష్ట్రమున సడ్‌బరీ చరిత్ర ఈ కాలుష్యపు ఆద్యంతములను ఒక్కచోట చూపగలది. 1883లో రైలుమార్గము వేయుచుండగా అచ్చట రాగి, నికెలు ఖనిజము బయల్పడినది. 1888 నుండి దానిని బయలు భర్జనమునకు గురిచేసిరి. చుట్టుపట్ల అడవిని నరికి తెచ్చిన దుంగలను నేలపై వరుసగ పేర్చి, వానిపై ఖనిజమును గుట్టగ పోసి, నిప్పంటించిరి. ఖనిజములోని గంధకమే తరువాత ఇంధనమై, ఆ గుట్ట నెలల తరబడి కాలుచుండెడిది. పొగగొట్టమే లేని ఆ పద్ధతిలో సల్ఫరు డయాక్సైడు నేలబారుగ ప్రాకి, నరకక మిగిలిన చెట్లను సైతము చంపినది.

బయలు భర్జనము 1929 ప్రాంతమున అంతరించినది. కాని కాపర్ క్లిఫ్, కోనిస్టన్, ఫాల్కన్‌బ్రిడ్జి అను మూడు చోట్ల పెద్ద కొలుములు ఆ పనిని కొనసాగించినవి. 1960 దశకములో అచ్చటినుండి ఏటేట ఇరువది లక్షల టన్నులకు పైగా సల్ఫరు డయాక్సైడు వెలువడినది. ఆమ్లమును, లోహమును కలిసి పనిచేసిన తీరు ఇచ్చట స్పష్టముగ చూడనగును. నేలలోని పీహెచ్ నాలుగునకు దిగువకు పడిపోగా, పైన రాలిన రాగి, నికెలు కరగి వేళ్లకు అందినవి. బంకమన్నులో బందీగ నుండవలసిన అల్యూమినియము సైతము విడుదలయై వేరుల కొనలను మాడ్చినది. చెట్లు పోయిన వాలులపై ఆకుచెత్త పొర నిలువలేదు. చలికాలపు మంచు మట్టిని పెల్లగింప, వానలు దానిని కడిగివేయగా, లేతరంగు శిలలు నల్లబడి బయటపడినవి. సుమారు 20,000 హెక్టార్లు పూర్తిగ బీడై, మరి 80,000 హెక్టార్లు పొట్టి భూర్జపొదలతో సగము బీడుగ మిగిలినవి. కొలుములకు దగ్గరి పైమట్టిలో రాగి, నికెలు ఒక్కొక్కటి కిలోగ్రామునకు వేయి మిల్లీగ్రాములను దాటినవి.

1972లో కోనిస్టన్ కొలిమి మూతపడినది. అదే సంవత్సరమున కాపర్ క్లిఫ్‌లో 381 మీటర్ల ఎత్తుగల పొగగొట్టము పనిచేయ నారంభించినది. దానిచే పట్టణపు గాలి మెరుగుపడినను బీడులు వానంతట అవి పచ్చబడలేదు. 1978 నుండి స్థానిక ప్రభుత్వము, లారెన్షియను విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల ప్రయోగములను అనుసరించి, హెక్టారుకు పది టన్నుల చొప్పున డోలమైటు సున్నపురాతి పొడిని చల్లించి, ఎరువు వేయించి, గడ్డి, పప్పుజాతి విత్తనములు నాటించెను. యంత్రములు ఎక్కలేని రాతివాలులపైకి విద్యార్థులును, గనులలో పని కోల్పోయిన కార్మికులును పొడి సంచులను మోసుకొనిపోయి చేతులతో చల్లిరి. సున్నము పడిన నేలలో విత్తిన గడ్డియే కాక, గాలికి కొట్టుకొనివచ్చిన భూర్జ విత్తనములు కూడ తమంతట తాము మొలకెత్తినవి. నాటిన చెట్ల సంఖ్య నేటికి కోటి దాటినది. అయినను ఆ మట్టిలోని రాగి, నికెలు తొలగింపబడలేదు. ఆమ్లత్వము తగ్గుటచే అవి కరగని రూపములకు మారి, వేళ్లకు అందకున్నవి. కావున సున్నపు ప్రభావమును కనిపెట్టుచు, నేలను మరల ఆమ్లము కానీయకుండుట ఆ ప్రాంతమునకు శాశ్వతమైన విధి యైనది.

నేలలో లోహముల నడవడి

నేలలో చేరిన లోహము అంతయు ఒకే తీరున ప్రవర్తింపదు. సీసము, రాగి జీవాంశముతో గట్టిగ పెనవేసికొని పైపొరలోనే నిలిచిపోవును. దున్నని అడవినేలలో మీది పది పదునైదు సెంటీమీటర్లలోను, దున్నెడి పొలములో నాగటిసాలు లోతువరకును అవి ఉండును. కాడ్మియము, జింకు అంత గట్టిగ అంటుకొనవు. నేల ఆమ్లమైనకొలది అవి నీటిలోనికి వచ్చి, వేళ్లకును, లోతుపొరలకును పోవును. ఆర్సెనికు నడవడి ఇందుకు భిన్నము. అది ఇనుప ఆక్సైడుల నంటుకొనియుండి, సున్నముచే పీహెచ్ మిక్కిలి పెరిగినను, నీరు నిలిచి ఇనుము కరగినను విడుదలయగును.

నీటి నిలువ ప్రభావము వరిమడిలో మరింత స్పష్టము. మడిలో నీరున్నంతకాలము ప్రాణవాయువు అందక గంధకము సల్ఫైడుగ మారి కాడ్మియమును బంధించును. కోతకు ముందు మడి ఆరగట్టినంతనే ఆ బంధము సడలి, గింజ పాలుపోసుకొను దశలో కాడ్మియము మొక్కలోనికి ప్రవేశించును. అందుచే జపాను రైతులు కలుషిత ప్రాంతములలో ఈనికకు ముందు మూడు వారములు, తరువాత మూడు వారములు మడిలో నీరు తీయక నిలుపుచున్నారు. ఆర్సెనికు ఉన్న నేలలో ఇదే పద్ధతి చెరుపు చేయును, ఏలయన నిలువనీటిలోనే అది వరికి ఎక్కువగ అందును. రెండు విషములును కలిసియున్న మడిలో నీటి యాజమాన్యము కత్తిమీద సామువంటిది.

మొత్తమును, లభ్యతయు

నేలలో మొత్తము ఎంత లోహమున్నదను ప్రశ్నకంటె, అందు ఎంత ప్రాణులకు అందునను ప్రశ్నయే ప్రధానమైనదని రెండు గ్రామీణ ప్రాంతముల అనుభవము బోధించుచున్నది. ఇంగ్లండులోని షిప్‌హామ్ గ్రామము పూర్వపు జింకు గనుల మట్టిపై నిలిచినది; అచ్చటి పెరటితోటలలో కాడ్మియము కిలోగ్రామునకు కొన్ని వందల మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 1979 ప్రాంతమున తేలగా దేశమంతట కలవరము కలిగినది. కాని గ్రామస్థులను పరీక్షించిన వైద్యులకు తీవ్రమైన వ్యాధి లక్షణములు కానరాలేదు. ఆ నేల సున్నపుపాలు గలది. గ్రామస్థుల ఆహారములో అధికభాగము బయటి నుండి వచ్చునది.

జపానులో తోయామా మండలపు జింజూ నది ఇందుకు విపర్యయము. ఎగువనున్న కమియోకా గనులు, జింకు శుద్ధిశాలల వ్యర్థజలముతో తడిసిన వరిపొలములలో కాడ్మియము కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. అయినను తమ పొలపు బియ్యమునే మూడుపూటల భుజించి, నదీజలమునే త్రాగిన కుటుంబములలో, ముఖ్యముగ అనేక కాన్పులైన నడివయసు స్త్రీలలో, మూత్రపిండములు చెడి, ఎముకలు గుల్లబారి, దగ్గినంత మాత్రముననే విరుగు దుస్థితి ఏర్పడినది. బాధతో వారు పెట్టు మూలుగే ఇతాయి-ఇతాయి అని ఆ వ్యాధికి పేరైనది. 1968లో జపాను ప్రభుత్వము దానిని కాలుష్యజన్య వ్యాధిగ అంగీకరించెను. 1970లో వ్యవసాయభూముల కాలుష్య నివారణమునకు ప్రత్యేక శాసనము వచ్చినది. ఒకే ధాన్యముపై బ్రతుకు జనసమూహమునకు, ఆమ్లపు నేలలో వరి పండించు దేశమునకు, ఇది నేరుగ వర్తించు పాఠము.

జీవజాలముపై ప్రభావము

లోహము హెచ్చిన నేలలో మొదట దెబ్బతినునవి కంటికి కనబడని జీవులు. శిలీంధ్రములు, సూక్ష్మజీవులు, వానపాములు తగ్గిపోగా రాలిన ఆకులు కుళ్లక పేరుకొనును. ఇంగ్లండులో అవన్‌మౌత్ కొలిమి చుట్టుపట్ల అడవులలోను, స్వీడనులో గుసుమ్ ఇత్తడి కర్మాగారపు పరిసరములలోను ఇట్టి ఆకుచెత్త పొరలు పరిశోధకుల దృష్టి నాకర్షించినవి. పోషకములు ఆ చెత్తలోనే చిక్కుకొని చెట్లకు అందవు. పంటలలో ఆకుకూరలు కాడ్మియమును మిక్కిలిగ పీల్చుకొనును. చిక్కుడు జాతి గింజలలోను, పండ్లలోను అది తక్కువ.

అయినను ప్రకృతి కొన్నిచోట్ల త్వరితముగ సమాధానము వెదకికొన్నది. ఇంగ్లండులో ప్రెస్కాట్ రాగి శుద్ధిశాల చుట్టును, కలుషితమైన పచ్చికలలో, రాగిని సహించు గడ్డిరకములు కొన్ని దశాబ్దములలోనే వరణము చెందినట్లు బ్రాడ్‌షా మొదలగు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఇట్టి సహనశీలపు గడ్డిరకములే తరువాత లోహపు దిబ్బలను పచ్చబరచుటకు ఉపకరించినవి.

మానవారోగ్యము

సీసము విషయములో ఆహారముకంటె ముందు ధూళి వచ్చును. వాకిట మట్టిలో ఆడి, ఆ చేతులను నోట పెట్టుకొను పసిపిల్లలే మొదటి బాధితులు. పెద్దలకంటె వారి ప్రేవులు సీసమును హెచ్చుగ గ్రహించును, వారి మెదడు ఇంకను ఎదుగుచుండును. అమెరికాలో ఐడహో రాష్ట్రపు కెల్లాగు పట్టణమున 1973 సెప్టెంబరులో సీసపు కొలిమి పొగను వడపోయు గుడ్డసంచుల గది అగ్నికి ఆహుతియైనది. పిమ్మట నెలల తరబడి సరియైన వడపోత లేకయే కొలిమి నడచినది. మరుసటి యేడు పరీక్షింపగా, కొలిమికి 1.6 కిలోమీటర్ల లోపల నివసించు చిన్నపిల్లలలో 99 శాతము మందికి డెసిలీటరు రక్తమున 40 మైక్రోగ్రాములు లేక అంతకుమించి సీసమున్నట్లు తేలినది. నేడు అమెరికా ఆరోగ్యశాఖ 3.5 మైక్రోగ్రాములకే హెచ్చరిక చేయుచున్నదన్నచో ఆ పిల్లలకు జరిగిన అపకారపు తీవ్రత బోధపడగలదు. కొలిమి తరువాత మూతపడినను, ఇండ్ల వాకిళ్లలోని మట్టిని ఒక అడుగు లోతున త్రవ్వి తీసి, శుభ్రమైన మట్టిని నింపువరకు ప్రమాదము తొలగలేదు.

పరీక్షా విధానములు

కలుషిత నేలను అంచనా కట్టుటలో మొదటి చిక్కు, కొలిమి తెచ్చిన లోహమును శిలల నుండి స్వతస్సిద్ధముగ వచ్చిన లోహము నుండి వేరుచేయుట. పైపొరను లోతుపొరతో పోల్చుట, కొలిమి నుండి వివిధ దూరములలో అన్ని దిక్కుల నమూనాలు సేకరించుట, సీసపు ఐసోటోపుల నిష్పత్తిని ఖనిజపు నిష్పత్తితో సరిచూచుట ఇందుకు మార్గములు. ద్రవరాజమువంటి తీవ్రామ్లములతో మట్టిని జీర్ణింపజేసినచో మొత్తము పరిమాణము తెలియును. బలహీనమైన లవణద్రావణములతో కడిగినచో మొక్కకు అందగల భాగము తెలియును. చేతబట్టి పొలములోనే వాడదగిన ఎక్స్ కిరణ పరికరములు నేడు ఈ పనిని సులభతరము చేసినవి.

తెలుగునాట

విశాఖపట్టణపు మింది ప్రాంతమున హిందూస్థాన్ జింక్ సంస్థవారి జింకు కర్మాగారము 1977లో ఆరంభమై, 2012లో ఉత్పత్తిని నిలిపినది. హైదరాబాదు పరిసరములలోని పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక వాడల మట్టిలో లోహములు స్వాభావిక స్థాయిని మించినట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించియున్నారు. పెద్ద కర్మాగారములకంటె గుర్తించుటకు కష్టమైనవి, పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము కరగించు చిన్న బట్టీలు. వీనికి పొగగొట్టము గాని, వడపోత గాని, లెక్కల పుస్తకము గాని ఉండదు. ఊరి చివర కొంతకాలము నడచి, అడిగినవారు వచ్చుసరికి వేరొకచోటికి తరలిపోవును. 2022 వరకు అమలులో నుండిన 2001 నాటి బ్యాటరీల నిబంధనలు పాత బ్యాటరీలు నమోదైన శుద్ధిశాలలకే చేరవలెనని శాసించినను, చాటున సాగు బట్టీల మూలమున వాడవాడలలోని పిల్లలకు పొంచియున్న ముప్పు సడ్‌బరీ ముప్పుకంటె చిన్నది కాదు.

నివారణ, పునరుద్ధరణ

కలుషిత నేలను బాగుచేయు పద్ధతులు ప్రధానముగ మూడు. మొదటిది మట్టిని మార్చుట. జింజూ తీరమున 1979 మొదలు 2012 వరకు సుమారు 860 హెక్టార్ల వరిపొలములలో కలుషితపు పొరను క్రిందికి పూడ్చి, పైన మంచిమట్టిని పరచిరి; ముప్పది మూడేండ్లు పట్టిన ఆ పని ఫలించినది గాని, దాని వ్యయమును భరించుట సంపన్నదేశములకును సులభము కాదు. రెండవది లోహమును కదలనీయకుండుట. సున్నము, జీవాంశము, సీసమునకు ఫాస్ఫేటు ఇందులకు సాధనములు. అమెరికాలో పామర్టన్ జింకు కొలుముల ప్రక్కన 1898 నుండి 1980 వరకు సాగిన ప్రగలనముచే బోడియైన కొండవాలులపై మురుగుశుద్ధి బురదను, బొగ్గుబూడిదను కలిపి చల్లి గడ్డి మొలిపించిరి. అయితే ఫాస్ఫేటు ఆర్సెనికును విడిపించగలదు. ఒక లోహమునకు మందైనది వేరొకదానికి విషమగును. మూడవది లోహమును పీల్చుకొను మొక్కలను పెంచి కోసివేయుట. ఇది ఆకర్షణీయమే గాని, కొలిమి పొరుగున పేరుకొన్న పరిమాణమును తగ్గించుటకు తరములు పట్టును.

ఈ మూడింటిలో ఏదియు నేలను పూర్వస్థితికి తేజాలదు. లోహమును దాచుటయో, బంధించుటయో, వేరొకచోటికి చేర్చుటయో మాత్రమే చేయగలదు. కావున కొలిమి వెలిగింపక పూర్వమే పొరుగు పొలముల మట్టిని పరీక్షించి ఫలితములను గ్రామపంచాయతీలో బహిరంగముగ నుంచుట, నడచునంతకాలము నియతముగ ఆ పరీక్షను పునరావృత్తి చేయుట, మూసిన పిమ్మట నేలను కనిపెట్టుటకు వలసిన ధనమును ముందుగనే కట్టించుట, ఇవి లోహము వాడుకొను ప్రతి సమాజమునకును కర్తవ్యములు. రాగితీగ లేక విద్యుత్తు లేదు, సీసము లేక నేటి వాహనము కదలదు. ఈ లోహముల మేలు దేశమంతట పంచుకొనుచు, వాని కీడును మాత్రము కొలిమి ప్రక్క పొలము దున్నుకొను రైతుపై విడిచిపెట్టుట న్యాయము కాదు. ఆ కీడును కొలిచి చూపగల విద్య నేడు మనయొద్ద నున్నది. దానిని ఉపయోగించి, నష్టమునకు బాధ్యులైనవారిచేతనే నష్టమును భరింపజేయుట ప్రభుత్వముల పని.